కుంకుమ భరిణెల పుట్టుక

ఉల్లిగడ్డలామెను షెడ్డులోంచి తీసేశారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఏరాలు, అంటే మా బావగారి భార్య. శుక్రవారం మధ్యాహ్నం. నేను దేవుడి గూటి ముందు కూర్చుని వత్తులు చేసుకుంటున్నాను. ఆమె లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, "చెల్లె, భజనల నువ్వన్న మాట ఆమె నోటికాడి బుక్క గుంజింది," అంది.

ఆ మాట విన్నాక వత్తి పేనడానికి చేతులు రాలేదు. లేచి వాకిట్లోకి వెళ్లాను, మళ్లీ లోపలికి వచ్చాను. ఆ రోజు నుంచి చాలా కాలం నాకు ఒకచోట కూర్చోవడం చేతకాలేదు.

అసలు ఆమె ఎవరో ముందు చెప్పాలి. డెబ్బైల్లో మా ఇంటికి వచ్చిన మొదటి ప్లాస్టిక్ వస్తువు ఒక నీలం బకెట్టు. అది పగిలితే మా అత్తగారు ఇనుప చువ్వ కాల్చి అతికించి, ఇంకో రెండేళ్లు వాడింది. అప్పట్లో వరంగల్‌లో మా వాడ చెత్త అంటే పొయ్యి బూడిద, కూరగాయల తొక్కలు, మగ్గం కింద ఊడ్చిన నూలు పోగులు. అన్నీ పెంటకుప్పలో మట్టిలో కలిసేవి. ఎనభైలు వచ్చేసరికి పాల కవర్లు, నూనె ప్యాకెట్లు, తెగిన ప్లాస్టిక్ చెప్పులు కుప్పలు పడ్డాయి. మున్సిపాలిటీ బండి వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. వాన పడితే మోరీలు నిండి మురుగు గడపదాకా వచ్చేది. ఎవరో కుప్పకు నిప్పు పెడితే, మగ్గం గుంటలో ఉన్న మా ఆయన గొంతు పట్టుకుని బయటికి వచ్చేవారు.

ఆ రోజుల్లో వచ్చింది ఆమె. నెత్తిన గంప, గంపలో ఒక పక్క ఉల్లిగడ్డలు. పాత ప్లాస్టిక్ ఇస్తే ఉల్లిగడ్డలు పెట్టేది. అందుకే వాడంతా ఆమెను ఉల్లిగడ్డలామె అనేవారు. పొద్దున ఇల్లిల్లూ తిరిగి, మధ్యాహ్నం నుంచి రైలు పట్టాల అవతల ఒక షెడ్డులో కూర్చుని, తెచ్చిన దాన్ని ఏరేది. ఆ షెడ్డులో పాత ప్లాస్టిక్‌ను కరిగించి కొత్త సామాన్లు అచ్చు పోసేవారు.

ఏరడం చిన్న పని అనుకునేదాన్ని. ఒకరోజు మా అరుగు మీద గిన్నెలో నీళ్లు పోయించుకుని చూపించింది. బకెట్టు ముక్క తేలింది, చెప్పు ముక్క మునిగింది. రెండూ కలిపి కరిగిస్తే సామాను నిలవదట. నీళ్లతో తీరని అనుమానం ఉంటే ముక్క అంచు అంటించి, ఆర్పి, పొగ వాసన చూసేది. ఒకటి కొవ్వొత్తి వాసన. ఇంకొకటి ముక్కులో కారం కొట్టినట్టు మండేది. అట్లాంటివి రోజుకు ఎన్ని వాసన చూసేదో, ఎప్పుడూ సన్నగా దగ్గుతూనే ఉండేది. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. అయినా ఆమె ముందు కూర్చుంటే కొత్తగా చదువుకుంటున్నట్టే ఉండేది.

మా ఆయన జబ్బుపడి దవాఖానలో ఉండి, బాగై ఇంటికొచ్చిన సంవత్సరం నేను నోము పట్టాను. మా వైపు నోమంటే ఒకే రకం వస్తువులు పదమూడు తెచ్చి, గౌరమ్మ ముందు పెట్టి, పసుపు కుంకుమలతో పదమూడు మంది ముత్తైదువలకు పంచడం. స్టీలువి కొనే స్తోమత ఆ ఏడు లేదు. బజారులో ముదురు ఎరుపు ప్లాస్టిక్ కుంకుమ భరిణెలు కనిపిస్తే అవే తెచ్చాను. అందరూ కళ్లకద్దుకుని తీసుకున్నారు. నాకంటూ అదనంగా తెచ్చిన ఒకటి గూట్లో పెట్టుకున్నాను.

తర్వాత ఒకరోజు ఆమె మంచినీళ్లు అడగడానికి వచ్చి ఆ భరిణెను చూసింది. అడగకుండా ముట్టుకోదు. నేను చేతికిస్తే తిరగేసి, అడుగున అచ్చు వదిలిన గీతను గోటితో తడిమింది.

"అక్కా, ఇది మా షెడ్డుదే. పోయిన వానకాలం చెప్పులు. మూడు నీళ్లల్ల నేనే కడిగిన," అంది. పాత రంగులు కనపడకూడదనే ముదురు ఎరుపు కలుపుతారని కూడా చెప్పింది. దేవుడి గూట్లో తన చేతి పని ఉన్నందుకు ఆమె ముఖం ఎంత వెలిగిందో నేను చూశాను.

నాకూ అంతే సంతోషం కలిగింది. అక్కడే ఊరుకుంటే సరిపోయేది. ఏ మేలు జరిగినా నలుగురిలో చెప్పి దేవుడికి దండం పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ శనివారం భజనలో హారతి అయ్యాక నేనే లేచి, తెగిన చెప్పు కూడా అమ్మవారి కుంకుమను మోసే పాత్ర అయింది, ఆమె దయ ఎంత పెద్దదో చూడండి అన్నాను. ఉల్లిగడ్డలామె చెప్పిందని కూడా అన్నాను. నోము తీసుకున్నవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను భక్తి అనుకున్నాను.

సోమవారం పొద్దున అరుగు మీద రెండు భరిణెలు ఉన్నాయి. బుధవారానికి తొమ్మిదయ్యాయి, భజన నడిపించే పెద్దమ్మదీ అందులో ఉంది. కుంకుమ దులిపి, కడిగి మరీ తిరిగిచ్చారు. బజారులో దుకాణాలకు మాట పాకి, భరిణెల సంచులు షెడ్డుకు తిరిగి వెళ్లాయి. ఈ సంగతి బయట పెట్టిందెవరని షెడ్డు యజమాని ఆరా తీశాడు. ఆమెను తీసేశాడు.

మా ఏరాలు చెప్పిన మర్నాడే నేను పట్టాలు దాటి షెడ్డుకు పోయాను. యజమాని కసురుకుంటాడనుకున్నాను. స్టూలు వేసి కూర్చోమన్నాడు.

"అమ్మా, మీరు మంచి మాటే అన్నరు. గని సరుకు పుట్టుక ఎవలన్న చెప్తరా?"

తప్పు నాది, ఆమెది కాదని చెప్పాను. దానికి ఆయన, మీ భజన పెద్దమ్మ ఒక్కామె ఆ భరిణె మళ్లీ తీసుకుంటే చాలు, వాడంతా తీసుకుంటుంది, దుకాణాలూ సర్దుకుంటాయి, అప్పుడు ఆమెను పనిలోకి రమ్మంటాను అన్నాడు.

ఇంటికి వస్తూ దారంతా పెద్దమ్మతో ఏమనాలో కూడబలుక్కున్నాను. జవాబు మా ఇంట్లోనే ఉంది. మేం నేసేది జంపఖానాలు. వాటి నూలు మంచి పత్తిది కాదు. మిల్లుల్లో కూలీల కాళ్ల కింద నలిగి, నేల ఊడ్చి పోగేసిన వేస్టు పత్తితో తీసిన ముతక నూలు. దానికి రంగు వేసి నేస్తే ఆ జంపఖానాల మీదే గుళ్లో భజనలు, ఇళ్లల్లో పెళ్లిళ్లు. అది పవిత్రమైతే భరిణె ఎందుకు కాదు? ఈ మాట మా ఆయనతో అన్నాను.

ఆయన నూలు కండె చుడుతూ తల ఎత్తలేదు. "చెప్పు మరి. చెప్పుల ముచ్చట చెప్పితివి, ఇగ మన నూలు ముచ్చట గూడ చెప్పు. రేపటికెల్లి మగ్గం మీద దండెం కట్టుకొని బట్టలారేసుకుందాం."

ఎగతాళిగానే అన్నారు. కానీ ఆయన జబ్బు నుంచి లేచి మళ్లీ మగ్గం ఎక్కి ఎన్నాళ్లో కాలేదు.

సాయంత్రం పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె మేం నేసిన జంపఖానా మీదే కూర్చుని పూలు కడుతోంది. భరిణె ముందు పెట్టి, నిప్పులో కాలినదానికి మైల ఉండదు కదా అన్నాను.

"మైల సంగతి నాకు తెల్వదు బిడ్డా. నుదుట పెట్టుకునేటప్పుడల్లా నాకు చెప్పులేసిన కాలే యాదికొస్తాంది. ఏం చేయమంటవు?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. అప్పుడు చెప్పాల్సింది నేను, మా నూలు సంగతి. ఆమె కింద పరిచిన నీలి, ఎర్ర చారలను చూస్తూ నోరు తెరిచాను. పొద్దుగూకుతున్నది, వస్తాను పెద్దమ్మా అని భరిణె తీసుకుని లేచి వచ్చేశాను.

ఎవరి పుట్టుకనో నలుగురిలో అంత సులువుగా చెప్పిన నోరు, మా పుట్టుక దగ్గరికి వచ్చేసరికి మూసుకుంది.

తర్వాత చాలా రోజులు జపం చేస్తుంటే లెక్క తప్పేది. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. ఒకటికి రెండుసార్లు పట్టాల దాకా పోయి తిరిగి వచ్చాను. యజమానికి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఆమె ఒకసారి వచ్చింది, గంప లేకుండా. కేసముద్రంలో వాళ్ల ఆడబిడ్డ ఉందట, అక్కడ మార్కెట్ యార్డులో ఊడ్చే పని దొరుకుతుందట. అన్నం పెట్టాను. జరిగిందంతా దాచకుండా చెప్పాను, నూలు సంగతితో సహా. తిడితే బాగుండునని ఉంది నాకు.

ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "ఫికర్ చెయ్యకక్కా. నీకు చెప్పినప్పుడు నాకు మస్తు సంబురమైంది. గది అబద్ధం గాదు గదా," అంది. దగ్గుతూ సందు మలుపు తిరిగింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు. కేసముద్రం నుంచి వచ్చేవాళ్లను అడిగేదాన్ని. అందరూ ఎరగమన్నారు.

మా మగ్గం ఆగి చాలా ఏళ్లయింది. అందుకే ఇప్పుడు ఈ సంగతి రాయగలిగాను. పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు వచ్చిన ధైర్యం ఇది. దీనికి ఎంత విలువో నాకు తెలుసు. అయినా ఇన్నాళ్లకు రాయనిచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

ఇది చదివినవారిని ఒకటి అడుగుతాను. మన ఊరి చెత్తను చేత్తో ఎత్తి, వాసన చూసి, వేరు చేసి, దగ్గుతూ బతికిన ఒక మనిషి ఉండేది. ఆమె పేరు నేను రాయలేదు, ఫొటో ఎవరూ తీయలేదు. మీ ఇంట్లో దీపం పెట్టే అలవాటు ఉంటే ఏదో ఒక సాయంత్రం ఆమెను తలుచుకోండి. లేకపోతే ఊరికే తలుచుకోండి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు.