సువార్తమ్మ వదిన పేపరు

నలభై ఏళ్ళు దాటింది ఒక సంగతి మోయడం మొదలుపెట్టి. మోయడమంటే కుంగిపోయి, కన్నీళ్ళు పెట్టుకుంటూ కాదు. శుభ్రంగా తిన్నాను, నవ్వాను, లావయ్యాను, రిటైరయ్యాను. అయినా అది ఉంది. చెప్పులో దూరిన చిన్న రాయిలాగా నడవనిస్తుంది, మరిచిపోనివ్వదు. మా ఆయనకి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను టీచర్ని. గుడివాడలో ఉద్యోగం చేశాను, ఇప్పుడు బందరులో ఉంటున్నాను. నా సర్వీసులో ఒక్క పిల్లని కూడా ఫెయిల్ చేయలేదు. రెండు మార్కులు తక్కువైతే నాలుగు కలిపేదాన్ని. మా టీచర్ది మెత్తటి మనసు అనేవాళ్ళు పిల్లలు. మెత్తదనమా, నా మొహమా? అది భయం. ఎర్ర పెన్ను పట్టుకున్నప్పుడల్లా నాకు ఒక మనిషి కనిపించేది.

ఆ మనిషి సువార్తమ్మ వదిన. మా సొంతూరు దివిసీమలో. అక్కడ మా ఇంటికి రెండిళ్ళ అవతల వాళ్ళిల్లు. చుట్టరికం లేకపోయినా వదిన అనే పిలిచేదాన్ని. అప్పుడు నాకు పంతొమ్మిది, ఆవిడకి ముప్పై ఐదు ఉంటాయేమో. అక్షరాస్యత కార్యక్రమం ఊరూరా నడుస్తున్న రోజులు. మా ఊరి కేంద్రం నాకిచ్చారు. మధ్యాహ్నం వంటలూ అంట్లూ అయ్యాక చర్చి వరండాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాలి. ఇరవై రెండు మంది. అందులో మా అమ్మ కూడా ఉంది. నన్ను కన్నదాన్ని పలక పట్టుకోమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పాఠం మధ్యలో లేచి, 'పొయ్యి మీద పాలు పెట్టొచ్చానే' అని వెళ్ళిపోయేది.

సువార్తమ్మ వదిన మాత్రం వానొచ్చినా మానేది కాదు. బయట కనిపిస్తే నన్ను 'ఏమ్మే' అనే మనిషి, వరండా ఎక్కగానే 'టీచరుగారూ' అని అండీలు మొదలుపెట్టేది. మొదట్లో వేళాకోళమనుకున్నాను. కాదు. ఆవిడకి నిజంగానే అది బడి. చదువు కావాలనడానికి కారణం కూడా ఒకటే. గురువారం స్త్రీల కూటంలో బైబిలు తలా ఒక వచనం చదువుతారు. తన వంతు వచ్చేసరికి, 'నాకు కళ్ళు మసకలే, నువ్వు చదువు' అని పక్కావిడకి జరిపేసేది. తన వంతు తాను చదువుకోవాలి. అంతే కోరిక.

తర్వాత నాట్లు వచ్చాయి. ఇక బడెవరికి గుర్తు? రెండు నెలలపాటు వరండాలో నేనూ సువార్తమ్మ వదినా ఇద్దరమే. ఆవిడ కూడా నాట్లకు వెళ్ళేది, కానీ పొలం నుంచి కాళ్ళు కడుక్కుని తిన్నగా అక్కడికే వచ్చేది. నాట్లు అవగానే పరీక్ష అన్నారు. ఇరవై రెండు మందీ వచ్చి కూర్చున్నారు, రాశారు కూడా. ఏం రాశారంటారా? ఒకావిడ తన పేరు తొమ్మిది సార్లు రాసింది. ఇంకొకావిడ చక్కటి ముగ్గు వేసింది. మా అమ్మ పేపరు మీద పాల లెక్క తప్ప మరొకటి లేదు.

ఆ సాయంత్రం పేపర్లు ముందేసుకుని కూర్చున్నాను. కేంద్రం బాగా నడిపినవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తారని, టీచర్ ట్రైనింగ్ సీటుకి అది పనికొస్తుందని చెప్పారు. నాకు ఆ సీటు కావాలి. తలుపు గడియపెట్టుకుని ఇరవై ఒక్క పేపర్లూ కొత్తగా నేనే రాశాను. కుడిచేత్తో కొన్ని, ఎడమచేత్తో కొన్ని, పెన్ను తిరగేసి పట్టుకుని కొన్ని. ఎడమచేతి రాత నిజంగానే, ఆ ఇరవై ఒక్కమందిలో ఉన్న మా పెద్దమ్మ రాతలా వచ్చిందని మురిసిపోయాను కూడా. ఎంత సిగ్గులేని సంతోషమో చూడండి.

ఇరవై రెండోది సువార్తమ్మ వదిన పేపరు. దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకునే అవసరం లేదు. వంకరటింకరగా ఉన్నా మొత్తం రాసింది. ఊరి పేరు, పిల్లల పేర్లు, చిన్న ఉత్తరం, కూడికలు. ఒక్కచోట ఆగింది. 'మీ భర్త పేరు రాయండి' అనే ప్రశ్న ఉంది, ఐదు మార్కులకి. మా వైపు ఆ రోజుల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు నోట పలికేవాళ్ళు కాదు, మరి కాగితం మీద పెడతారా? ఆవిడ అక్కడ కొడుకు పేరు పెట్టి 'ఏసుబాబు నాన్న' అని రాసింది. నేనో, ఇరవై ఒక్క పేపర్లలోనూ మొగుళ్ళ పేర్లు ఇంటిపేర్లతో సహా గడగడా రాసిపారేశాను. మా అమ్మ జన్మలో పలకని మా నాన్న పేరు అమ్మ పేపర్లో నిండుగా వెలిగిపోతోంది. కాస్త బుర్ర ఉన్న ఆఫీసరెవరైనా ఆ ఒక్క ప్రశ్న చూస్తే నేను దొరికిపోయేదాన్ని.

దిద్దడం కూడా నా పనే. పైవాళ్ళు సంతకం పెడతారంతే. అందరూ పాసైతే మళ్ళీ పరీక్ష పెడతారని అంతకుముందే ఎవరో అన్నారు. అంటే ఒక్కరైనా ఫెయిలవ్వాలి. ఎవరు? నేను రాసిన పేపర్లలో ఒకదాన్ని చెడగొట్టి ఉండొచ్చు. ఎంతసేపు పని? మా అమ్మనే ఫెయిల్ చేసినా, 'పోన్లే పీడా వదిలింది' అనేది. అలా చేయలేదు. ఏసుబాబు నాన్న దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అక్షరదోషాలకి అంతకుముందే కోసినవి కూడా పోను మొత్తం నలభై ఏడు వచ్చాయి. పాసుకి యాభై కావాలి.

ఎందుకలా చేశానని ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. తప్పు జవాబుకి సున్నా వేయడం న్యాయమే కదా అని మొదట్లో సమాధానం చెప్పుకున్నాను. ఆవిడ మంచిది, పట్టించుకోదు అని కొన్నాళ్ళు అనుకున్నాను. అసలు సంగతి ఈ మధ్యే ఒప్పుకోగలిగాను. ఆ పేపరు చూస్తే నాకు కోపం వచ్చింది. నా దొంగరాతల పక్కన అదొక్కటే నిజంగా ఉంది. దానికి నా అవసరం లేదు. దొంగతనం చేస్తున్నప్పుడు నిజాయితీ గల మనిషి పక్కన కూర్చుంటే ఉండే కోపం అది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఫలితాలు చదివారు. ముగ్గు వేసినావిడ పాస్. పాల లెక్క రాసిన మా అమ్మ పాస్. సువార్తమ్మ ఫెయిల్. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. సాయంత్రం మా గుమ్మం దగ్గరికి వచ్చింది. చర్చి వరండా కాకపోయినా అండీ అంటూనే మాట్లాడింది.

"నా పేపరు ఒక్కసారి చూపిస్తారా అండీ? ఎక్కడ తప్పు రాశానో చూసుకుంటాను."

"పైఆఫీసుకి పంపేశాం వదినా."

"అట్టాగా. మన ముగ్గులావిడ పాసైందిగా. నేనేమో అంతా రాశాను. రాసినకొద్దీ తప్పులొస్తాయేమోలెండి."

పేపర్లు నా వెనకే, బల్ల మీద ఉన్నాయి. కట్ట మర్నాడు ఉదయం బస్సులో వెళ్ళింది. నాకు సర్టిఫికెట్ వచ్చింది, సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది. ఊళ్ళో బడి మూసేశారు. సువార్తమ్మ వదిన మళ్ళీ పలక పట్టుకోలేదు. గురువారం కూటంలో కళ్ళు మసకలు అలాగే ఉండిపోయాయి. ఆ మాట నిలబెట్టుకోవడానికి అవనిగడ్డ వెళ్ళి కళ్ళజోడు కూడా కొనుక్కుందని అమ్మ చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

ఈమధ్య ఇద్దరు కాలేజీ అమ్మాయిలు మా ఇంటికొచ్చారు. ఈ ప్రాంతంలో చదువు చెప్పిన ఆడవాళ్ళ గురించి పుస్తకం వేస్తున్నారట. నా గురించి ఒక పేజీ రాసుకొచ్చారు. పంతొమ్మిదో ఏట ఇరవై ఒక్కమంది స్త్రీలను అక్షరాస్యులుగా తీర్చిదిద్దిన ధీరవనిత! మంచి ఫొటో ఒకటి ఇవ్వండి మేడమ్ అన్నారు. నా పేరు తీసేయండి అన్నాను. ఎందుకు మేడమ్ అని కళ్ళు పెద్దవి చేశారు. మూడు రోజులాగి చెబుతానన్నాను.

మర్నాడే దివిసీమ బస్సెక్కాను. సువార్తమ్మ వదిన మినుములు చెరుగుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. చేట ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది.

"ఎన్ని మార్కులు తక్కువైనయ్యి?"

"మూడు."

"ఏసుబాబు నాన్న అని రాసినందుకేనా?"

తలూపాను. చేటలోంచి రాయొకటి ఏరి అవతల పారేసింది.

"నేను మొద్దునని మా ఆయన చచ్చిపోయేదాకా అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. ఫెయిలని చర్చిలో చదివారుగా అమ్మాయ్. ఇదీ అక్కడే చదువు."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు, అడిగే మొహం లేదు. కాఫీ ఇచ్చింది. అందులో చక్కెర లేదు. మరిచిపోయిందో, మానేసిందో. అలాగే తాగేశాను.

వచ్చే ఆదివారం చదవాలి. కాలేజీ అమ్మాయిల్నీ రమ్మన్నాను. మా ఆయనా వస్తానంటున్నాడు, ఇక బందరంతా తెలిసిపోతుంది. తెలియనీ. పొద్దుటి నుంచి కాగితం మీద రాసి చూసుకుంటున్నాను. క్షమాపణలు, కారణాలు, ఆ రోజుల పరిస్థితులు అని పెద్ద ఉపన్యాసం తయారైంది. అన్నీ కొట్టేశాను. రెండు వాక్యాలు మిగిలాయి. గట్టిగా చదువుతున్నాను. మీరే మొదట వింటున్నారు.

మన ఊరి అక్షరాస్యత పరీక్షలో ఇరవై ఒక్క పేపర్లు నేను రాశాను. తన పేపరు తాను రాసి పాసైన మనిషి సువార్తమ్మగారు ఒక్కరే.