లైబ్రరీ బస్సు, వయా శిరివెళ్ల

ఆ రోజుల్లో టీచరంటే ఎట్లుండాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు జిల్లాలో లేరని నా నమ్మకం. గంజి పెట్టిన కాటన్ చీర, బిగించిన ముడి, చంకలో గొడుగు, ముఖంలో నవ్వు లేకపోవడం. ఇవుంటే చాలు, చదువు దానంతట అదే పిల్లల బుర్రల్లోకి నడుచుకుంటూ వెళ్లిపోతుందనుకునేదాన్ని. (నవ్వకుండా ఉండటం ఇంట్లో అద్దం ముందు సాధన చేస్తుంటే మా అమ్మ చూసి, "ఏమే, పన్ను నొప్పా?" అని లవంగం తెచ్చిచ్చింది.) శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్య రోడ్డు పక్కనున్న ఊళ్లో సర్కారు హైస్కూలు నాకు మొదటి ఉద్యోగం. రోజూ పొద్దున నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కేదాన్ని. సీటు దొరికితే ఆ రోజు పాఠం బాగా చెప్పేదాన్ని, దొరక్కపోతే పిల్లలకు డిక్టేషనే.

కొత్తగా చేరినవాళ్లకు ఏ బడిలోనైనా రెండు అప్పగిస్తారు, విరిగిన కుర్చీ ఒకటి, అందరూ వద్దన్న పని ఒకటి. నాకు పనిగా లైబ్రరీ వచ్చింది. వరండా చివర గాలీ వెలుతురూ ఉన్న మంచి గది అది. పుస్తకాలు మాత్రం ఇనుప బీరువాల్లో తాళాల వెనక ఉండేవి. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, మనిషి వెన్న. ఆయనకు లోకంలో భయాలు రెండే, మధ్యాహ్న భోజనం బియ్యంలో పడే ఎలుకలు, జీపులో దిగే ఆఫీసర్లు. బియ్యం మూటలు తొమ్మిదో తరగతి గదిలో మూలనుండేవి. ఎలుకలు పగలే తిరిగి పాఠాలు వినేవి. అందుకని పెద్దసారి కన్ను నా గది మీద పడింది.

"ఎవురూ చదవని గదికి గాలెందుకమ్మా? మూటలు ఈడ ఏయిస్తాం, పుస్తకాలు బీరువాలోనే ఉండనీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ గది మీద అంతవరకు నాకూ పెద్ద ప్రేమేం లేదు కానీ, చేతికొచ్చిన దాన్ని ఎవరైనా లాక్కుంటామంటే మనిషికి అప్పుడే ప్రేమ పొంగుతుంది. "ఒక నెల టైమియ్యండి సార్" అన్నాను.

"సరే. ఆఫీసరు తనిఖీకి వస్తాండాడు. ఆయప్ప వచ్చిననాడు పిల్లోళ్లు ఈడ నిజంగా చదువుతాండారని తెలిసిందా, రూము నీది. ల్యాదంటే బియ్యానిది" అని తీర్పు చెప్పేశాడు.

నేను నడుం బిగించాను. బీరువాల తాళాలు తీయించి, పుస్తకాలు చెక్క అరల్లో పేర్పించి, ఎక్కడో శిక్షణలో నేర్చుకున్న పద్ధతి ప్రకారం ప్రతి పుస్తకం వీపు మీదా అంకెలు రాసిన చీటీ అంటించాను. ఐదు వందలంటే సైన్సు, తొమ్మిది వందలంటే చరిత్ర. పట్నపు లైబ్రరీలా ఉందని నన్ను నేనే మెచ్చుకున్నాను. పిల్లలు వచ్చారు, చేతులు వెనక్కి కట్టుకుని గాజుల అంగట్లో నిలబడ్డట్టు నిలబడ్డారు. ఒక్కడూ పుస్తకం ముట్టడు. చివరికి ఏడో తరగతి గుండు (అహోబిలంలో తలనీలాలిచ్చి వచ్చాడు. జుట్టు మళ్లీ మొలిచినా పేరు మాత్రం పోలేదు) నెమ్మదిగా అన్నాడు: "వద్దులే టీచర్. ఐదు నూర్ల పుస్తకం చినిగిందంటే మా నాయన నన్ను చింపుతాడు."

అది వెల కాదురా అని చెప్పడానికి ఒక వారం పట్టింది. ఆ తరువాత పుస్తకాలు ముట్టారు, నిజమే, కానీ తీసినవి తీసిన చోట పెట్టినవాడు లేడు. కప్ప గురించిన పుస్తకం రాజుల మధ్య దొరికేది, ఎక్కాల పుస్తకం కిటికీ బయట. నేనేమో "నిశ్శబ్దం" అని బోర్డు రాసి దాని కింద కూర్చునేదాన్ని. నిశ్శబ్దం బాగానే కుదిరింది, సగం మంది నిద్రపోయేవాళ్లు. నెలలో సగం అయిపోయింది. పెద్దసారు రోజూ వరండాలో నిలబడి కళ్లతోనే గది కొలతలు తీసుకుంటుండేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున మా బస్సు శిరివెళ్లలో టైరు పంచరై ఆగిపోయింది. నేను ఆటో పట్టుకుని, దుమ్ము కొట్టుకుని, ఆలస్యంగా బడికి చేరేసరికి లైబ్రరీలోంచి విజిల్ వినబడింది. "రైట్! రైట్!" అని కేక. లోపల చూద్దును కదా, బెంచీలన్నీ రెండు వరసల్లో ఉన్నాయి, పిల్లలందరూ కూర్చుని ఊగుతున్నారు. ముందు బెంచీ మీద గుండు అన్నం ప్లేటు పట్టుకుని స్టీరింగు తిప్పుతున్నాడు. నడిమధ్యలో, భుజానికి బడిసంచీ అడ్డంగా వేసుకుని, నోట్లో విజిల్‌తో ఏడో తరగతి అమ్మాయి. వాళ్ల అబ్బాకు, అంటే నాన్నకు, ఆళ్లగడ్డ బస్టాండులో పండ్ల బండి ఉంది. సెలవులొస్తే ఆ పిల్ల అక్కడే ఉండి ఏ బస్సు ఎన్నింటికో, యాడ ఆగుతుందో, యాడ ఆగదో అన్నీ నోటికి నేర్చేసుకుంది. బళ్లో అందరూ దాన్ని రైట్‌రైట్ అనే పిలిచేవాళ్లు.

"ఏందిది?" అని నేను అరవబోయేంతలో ఆ పిల్ల నా ముందుకు చెయ్యి చాపింది. "టికెట్ తీసుకోండి టీచర్. యాడికి?"

అప్పుడు చూశాను. నా అంకెల చీటీలకు అడ్డంగా ప్రతి అరకూ ఊరి పేరు రాసిన అట్టముక్క వేలాడుతోంది. మొదటి అర నంద్యాల, తరువాత ఎర్రగుంట్ల, శిరివెళ్ల, గోవిందపల్లె, చివరిది ఆళ్లగడ్డ. పాటలన్నీ ఎర్రగుంట్లలో ఉన్నాయి, చరిత్ర శిరివెళ్లలో, సైన్సు గోవిందపల్లెలో. కథలన్నీ ఆళ్లగడ్డలో.

"కథలు ఆఖర్న ఎందుకే?" అన్నాను, కోపం సగం దిగిపోయి.

"ముందే పెడితే అందరూ ఆడనే దిగిపోతారు టీచర్. బస్సు ఖాళీగా పోతాది. అబ్బా చెప్తాడు, మంచి పండు బండి వెనకాల పెట్టాల అని."

"మరి నంద్యాలలో ఏముంది?"

ఆ పిల్ల కొంచెం సిగ్గుపడింది. "నిఘంటువులు టీచర్. లావు పుస్తకాలు. ఎవురూ తెరవరు గదా. మీ ఊరు నంద్యాలే గదా అని ఆడ పెట్టినాం."

(ఈ మాటలో నా గురించి ఏమైనా ఉందా అని అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటాను.) నేను టికెట్ తీసుకున్నాను. శిరివెళ్లకు. పొద్దున దిగిన ఊరే కదా, దారి తెలుసు.

ఆ రోజు నుంచి లైబ్రరీ పీరియడుకు బెల్లు కొట్టనవసరం లేకపోయింది, విజిలే కొట్టేవాళ్లు. ఏ స్టాపులో దిగినవాళ్లు ఆ స్టాపు పుస్తకమే చదవాలి. చదివి, అందులో ఒక ముచ్చట కండక్టరుకు చెప్తేనే మళ్లీ బస్సెక్కనిచ్చేది. పుస్తకం తప్పు అరలో పెడితే అది ఊరు దాటిపోయిన ప్రయాణికుడు, పెట్టినవాడు నడుచుకుంటూ వెళ్లి తీసుకురావాలి. కథలు కావాలన్నవాడు ఆళ్లగడ్డ చేరేలోపు దారిలో రెండు ఊళ్లలోనైనా దిగి ఎక్కాల్సిందే. గుండు కథల మీది ఆశతో గోవిందపల్లెలో పదేపదే దిగి, మనిషి గుండెకు ఎన్ని గదులో, తిమింగలం ఎట్ల ఊపిరి పీలుస్తుందో చెప్పడం మొదలుపెట్టాడు. అద్దం ముందు సాధన చేసిన నా ముఖం రోజురోజుకూ పాడైపోయింది. బాగా నవ్వేదాన్ని.

తనిఖీకి ముందురోజు సాయంత్రం పెద్దసారు గదిలోకి వచ్చి అట్టముక్కలు చూసి తల పట్టుకున్నాడు. "ఇది బడా, డిపోనా? ఆ ఊర్ల పేర్ల మీద సబ్జెక్టుల పేర్లు అంటించు తల్లీ. రేపు ఈడ బస్సు, స్టాపు అని ఎవురన్నా నోరు తెరిచినారా, టీసీ ఇచ్చి పంపిస్తా!" టీసీ అంటే పిల్లలకు ఎంత భయమో చెప్పక్కర్లేదు. నేనూ పిల్లలూ దిగాలుగా కూర్చుని, గోవిందపల్లె మీద సామాన్యశాస్త్రం అంటించాం. రైట్‌రైట్ తన విజిల్‌ను సంచీలో పెట్టి జిప్పు వేసేసింది.

మర్నాడు జీపు వచ్చింది. ఆఫీసరు సన్నగా పొడుగ్గా, కళ్లజోడు మీదుగా చూసే మనిషి. పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. ఆయన గుండును లేపాడు. "బాబూ, గుండె ఎట్ల పనిచేస్తుందో తెలుసుకోవాలంటే పుస్తకం యాడ వెతుకుతావు?"

గుండుకు తెలుసు. ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివాడో నాకు తెలుసు. కానీ వాడికి తెలిసిన జవాబు ఒక్కటే, అది చెప్తే టీసీ. నోరు తెరిచాడు, పెద్దసారిని చూశాడు, మూశాడు. ఆఫీసరు ఇంకొకడిని అడిగాడు, చరిత్ర గురించి. వాడూ పెద్దసారి వైపే చూశాడు. ఇంకో పిల్లను అడిగితే ఏడుపు మొహం పెట్టింది.

"పుస్తకాలు అరల్లో అందంగా పేర్చినారు గానీ పిల్లల్ని ముట్టనిచ్చినట్టు ల్యాదే హెడ్మాస్టరు గారూ" అన్నాడు ఆఫీసరు. "ఊరికే ఉన్న రూము. ఇంకేదానికన్నా వాడుకోరాదా?"

పెద్దసారి మొహంలో బియ్యం మూటలు కనబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే, గంజిచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"గోవిందపల్లె సార్!"

రైట్‌రైట్ లేచి నిలబడింది. గొంతు అచ్చం బస్టాండు గొంతే. "గుండె గోవిందపల్లెలో ఉంటాది సార్! వానికి బాగా తెలుసు, భయపడతాండాడు." అని పరిగెత్తి సామాన్యశాస్త్రం కాగితం పీకేసింది. కింద గోవిందపల్లె బయటపడింది. గుండు ఒక్క దూకు దూకి పుస్తకం తెచ్చి, ఆఫీసరు చేతిలో పెట్టి, ఆయన తెరవకముందే గుండె గదుల లెక్కంతా గడగడా అప్పజెప్పేశాడు.

"ఏందమ్మా ఈ గోవిందపల్లె?" అన్నాడు ఆఫీసరు.

ఆ పిల్ల పెద్దసారిని చూడలేదు, నన్నూ చూడలేదు. సంచీ జిప్పు తీసి విజిల్ నోట్లో పెట్టుకుంది. ఆ తరువాత ఎవరి చేతుల్లోనూ ఏం లేదు. బెంచీలు కదిలాయి, ప్లేటు తిరిగింది, మిగతా కాగితాలన్నీ చిరిగాయి. గడపలో బిగుసుకుపోయి నిలబడ్డ పెద్దసారిని చూసి కండక్టరు కసిరింది: "ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు సార్, లోపలికి జరగండి!" ముప్పై ఏళ్ల సర్వీసున్న మా పెద్దసారు బుద్ధిగా లోపలికి జరిగాడు.

ఆఫీసరు బెంచీ మీద కూర్చుని చెయ్యి చాపాడు. "మాది కోయిలకుంట్ల. ఒక టికెట్ ఇయ్యి పాపా."

"ఇది కోయిలకుంట్లకు పోదు సార్. ఆళ్లగడ్డలో దిగి బస్సు మారాల."

"మారతాలే. ఆ బస్సు ఎప్పుడుంది?"

"ఇంకా ల్యాదు సార్. ఆ ఊరికి పుస్తకాలు ల్యావు. మీరు పంపిస్తే బస్సు ఏస్తాం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. నెల తిరక్కముందే రెండు అట్టపెట్టెల నిండా కొత్త పుస్తకాలు వచ్చాయి, మా గదిలో ఆరో అర పుట్టింది. బియ్యం మూటలంటారా? "నా రూములో ఏయించుకుంటాలే" అన్నాడు పెద్దసారు, ఎటో చూస్తూ. ఆయన రిటైరయ్యే దాకా ఎలుకల మధ్యే కూర్చుని సంతకాలు పెట్టాడు. ఎవరైనా పెద్దవాళ్లు బడికొస్తే మాత్రం ముందు లైబ్రరీకే తీసుకుపోయి, "మా ఐడియానే" అనేవాడు. మేమెవ్వరం కాదనలేదు. రూము ఇచ్చినవాడికి ఆ మాత్రం ఇవ్వకపోతే ఎట్లా?

ఈమధ్య ఏదో పనిమీద ఆ బడికి వెళ్లాను. భవనానికి కొత్త రంగులు, లైబ్రరీకి గాజు తలుపుల బీరువాలు, వాటి మీద అచ్చు అక్షరాల్లో సబ్జెక్టుల పేర్లు. ఒక్క అట్టముక్క లేదు. కాస్త దిగులేసింది. అంతలో ఒక చిన్న పిల్ల వచ్చి లైబ్రరీ టీచర్ని తిమింగలాల పుస్తకం అడిగింది. గంజి చీర కట్టుకుని, నవ్వకుండా కూర్చున్న ఆ కొత్త టీచర్ తల ఎత్తకుండానే, "గోవిందపల్లెలో చూడు" అంది. పిల్ల నేరుగా సైన్సు బీరువా దగ్గరికి పోయింది.

"ఆ బీరువాను అట్ల ఎందుకంటారమ్మా?" అని అడిగాను.

"తెలీదు మేడమ్. నేనొచ్చేసరికే పిల్లలు అట్ల అంటున్నారు. నాకూ అలవాటైపోయింది" అంది, కొంచెం సిగ్గుపడి.

చెబుదామనుకున్నాను. కానీ ఆ అమ్మాయి మొహంలో పన్నునొప్పి చూసి ఊరుకున్నాను. తన బస్సు తనకూ వస్తుంది.

సాయంత్రం రోడ్డు మీదికొచ్చి బస్సెక్కితే కండక్టరు "యాడికి మేడమ్?" అన్నాడు. నంద్యాలకే అన్నాను. నిఘంటువుల ఊరికని ఆయనతో అనలేదు కానీ, కిటికీలోంచి గాలి తగులుతుంటే శిరివెళ్ల దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను.