ఏమీ పెరగలేదని రాయనన్న మనిషి

మా ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా పుండ్ల నమూనాలు చూస్తున్న మా అక్కకు అందరూ పెట్టిన పేరు ఉడుంపట్టు. సొంత అక్క కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే నాకు పని నేర్పింది, తిట్లూ నేర్పింది. వాళ్లాయన కూడా ఆమెను అలాగే పిలుస్తాడు, కాకపోతే ఆమెకు వినపడకుండా.

ఒకసారి ఎనిమిదేళ్ల పిల్ల చూపుడువేలి మీద పుండుతో వచ్చింది. జ్వరం లేదు, నీరసం లేదు, వరండా అంతా గెంతుతోంది. మూడు నెలలు మందులు వాడినా పుండు మానలేదు సరికదా, మణికట్టు దాకా గడ్డలు పాకాయి. నమూనాను రెండు రోజులు మన ఒంటి వేడితో ఉండే పెట్టెలో ఉంచి చూశాం. ఏ క్రిమీ పెరగలేదు. అలాంటప్పుడు "ఏమీ పెరగలేదు" అని రాసి నమూనా పారేయడం మా పద్ధతి. క్రిమి ఏదో తేలకపోతే ఏ మందివ్వాలో తెలియదు, వేలు తీసేయక తప్పదని పెద్ద డాక్టరు అప్పటికే చెప్పేశారు.

అక్క సంతకం పెట్టలేదు. పిల్లను దగ్గరికి పిలిచింది.

"ఈ చేత్తో రోజూ ఏం చేస్తావే?"

"అమ్మ కొట్లో చేపల తొట్లు కడుగుతా. ఓసారి తొట్టి గాజు గీసుకుంది."

"మరి డాక్టరు గారికి చెప్పలేదే?"

"అడగలేదుగా!"

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఇంట్లో ఎవరికైనా దగ్గుందా, పిల్ల సరిగా తింటోందా అని అందరం అడిగాం, ఆ చేయి ఏం చేస్తుందో మాత్రం అడగలేదు. చేపల నీళ్లలో బతికే క్రిమి ఒకటుందని, దానికి మన ఒంటి వేడి పడదని, కాస్త చల్లగా ఉంచితే కొన్ని వారాలకు పెరుగుతుందని అక్కకు తెలుసు. నమూనాను వేడి తగ్గించిన చిన్న పెట్టెలోకి మార్చి, "పారేస్తే చేతులిరగ్గొడతా" అని చీటీ అంటించింది.

పెద్ద డాక్టరు మండిపడ్డారు. "రూలు రెండు రోజులే!"

"రూలుకు వేళ్లుండవు సార్, పిల్లకున్నాయి. మూడు వారాలు ఆగండి. ఈలోగా కత్తి పట్టారో, పరీక్ష ఇంకా అవలేదని వాళ్లమ్మకు నేనే చెప్తా."

ఆయనా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అయినా మా కాగితం లేకుండా ఆపరేషన్ జరగదు కాబట్టి పళ్లు నూరుకుంటూ ఆగారు.

పదిహేనో రోజున నమూనాలో పసుపు రంగు చుక్కలు కనిపించాయి, ఆ క్రిమే. అక్క కళ్లు తుడుచుకుంది, అది చూసినందుకు నన్ను తిట్టింది. మందు మారింది. నాలుగు నెలలకు పుండు మానింది.

అక్కకు మాత్రం మెమో వచ్చింది, నియమం మీరినందుకు సంజాయిషీ ఇమ్మని. ఉద్యోగం ఊడుతుందేమోనని భయపడి, క్షమించమంటూ నేనే ఒక జవాబు రాసిచ్చాను. దాన్ని పరపరా చింపి, తన చేత్తో రాసి పంపింది: "పిల్లకు పది వేళ్లూ ఉన్నాయి. ఇంకో పిల్ల ఇలాంటి పుండుతో వస్తే మళ్లీ ఇలాగే చేస్తాను."