కుర్చీల బండి మాస్టారు

మాస్టారు పోయారని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి మా అమ్మాయి యూనిఫాం వేసుకుని పరాఠా తింటోంది. ఆరోజే ఫిజిక్స్ కంపార్ట్‌మెంట్ పరీక్ష. పన్నెండో తరగతిలో అన్నీ పాసై ఆ ఒక్కటీ పోయింది. ఇదీ పోతే నర్సింగ్ సీటు మాట మరచిపోవాల్సిందే. "సాయంత్రం దాకా దానికి చెప్పకు," అన్నారు మా ఆయన గుసగుసగా. నేను చెప్పేశాను. ఎందుకు చెప్పానో అర్థం కావాలంటే మాస్టారు ఎలాంటి మనిషో తెలియాలి.

కంటోన్మెంటు బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, ఇక్కడ ఉత్తరాదిన, వైశాలిలో మా పక్క ఫ్లాట్లో ఉండేవారు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధన అయ్యాక, హిందీ ఆరాధన వాళ్ళు వచ్చేలోగా హాల్లో కుర్చీలన్నీ తీసి చక్రాల బండి మీద పేర్చి మూలకు చేర్చాలి. పెద్దవాళ్ళం టీ దగ్గర కబుర్లలో ఉంటే మాస్టారు ఆ పనినే పిల్లలకు క్లాసు చేసేసేవారు. బండికి సామాను తూచే కొక్కెం త్రాసు తగిలించి, "ముల్లు ఈ గీత దాటకూడదు, తగ్గకూడదు. లాగండి," అనేవారు. ఖాళీ బండి చప్పున పరుగందుకునేది. కుర్చీలు నిండాక అదే లాగుడుకి బద్ధకంగా కదిలేది.

"ఫోర్స్ అదే. మాస్ పెరిగింది. మరి ఆక్సిలరేషన్ ఏమైందమ్మాయ్?"

"పతా నహీ, సర్," అనేది మా అమ్మాయి.

"తెలుసు నీకు. తప్పవుతుందేమోనని నోరు విప్పవు. పేపర్లోనూ ఇంతేగా, సగం ఖాళీలే!"

అదీ దాని రోగం. నేను తిట్టాను, బతిమాలాను, లాభం లేకపోయింది. మాస్టారు మాత్రం పట్టు వదల్లేదు. "తప్పైతే దిద్దుతానమ్మా. ఖాళీని ఏం దిద్దను?" అనేవారు.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. నడవలేక చక్రాల కుర్చీలో చర్చికి వచ్చేవారు. మొదటి ఆదివారమే, "ఇవాళ మాస్ నేనే," అని నవ్వుతూ త్రాసు తన కుర్చీకే తగిలించమన్నారు. కొన్ని వారాలకు మళ్ళీ తగిలించమన్నారు. మా అమ్మాయి లాగింది. ముల్లు ఆ గీత మీదే ఉంది, కుర్చీ మాత్రం మునుపటికన్నా తొందరగా ముందుకొచ్చేసింది.

"అదే ఫోర్స్. ఎందుకింత తొందరగా వచ్చాను?"

నర్సుని కదా, జవాబు నాకు ముందే తెలిసిపోయింది. "ఇంక చాల్లెండి మాస్టారూ, టీ చల్లారిపోతోంది," అన్నాను.

"నువ్వుండమ్మా. దాన్ని చెప్పనీ."

అది త్రాసు వదిలేసి ఆయన వైపు తిరిగింది. "మాస్ కమ్ హో గయా, సర్. ఆప్... బహుత్ కమ్ హో గయే," అంది, 'మీరు చాలా తగ్గిపోయారు' అని ఏడుస్తూ.

"కరెక్ట్!" అన్నారు మాస్టారు, హాలంతా వినబడేలా.

ఆయన మీద ఎంత కోపమొచ్చిందో! ఇంటికొచ్చాక కోపం పోయింది, దుఃఖం మిగిలింది. తను కరిగిపోతున్న సంగతినే లెక్కగా ఇచ్చి నా పిల్ల చేత నోరు విప్పించారు.

అలాంటి మనిషి పోయిన సంగతి దాని దగ్గర దాచడానికి నాకు మనసొప్పలేదు. చెప్పాను. పరాఠా వదిలేసి చెయ్యి కడుక్కుని, అడ్మిట్ కార్డు తీసుకుంది. "మై జా రహీ హూ, మమ్మీ," అంది. వెనక్కి తిరగకుండా మెట్లు దిగి పరీక్షకు వెళ్ళిపోయింది.

సాయంత్రం పరీక్ష నుంచి నేరుగా సమాధుల తోటకు వచ్చింది. పెట్టె ఇంకా గోతిలోకి దించలేదు. జనాన్ని తప్పించుకుని వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసింది. ఏది అడిగినా హిందీలోనే బదులిచ్చే పిల్ల, అందరి ముందూ తెలుగులో చెప్పింది:

"ఒక్కటి కూడా ఖాళీ వదల్లేదు, మాస్టారూ."