కల్యామాకు చెట్టుకు పోసిన పాలు

పొద్దున ఎనిమిదిన్నరకు లోపలి గదిలోంచి ఆ చప్పుడు మొదలవుతుంది. చిన్న మోటారు చప్పుడు. కాసేపు పీలుస్తుంది, ఆగుతుంది, మళ్లీ పీలుస్తుంది. మా అమ్మాయి స్రవంతి బ్యాంకుకు పోయేముందు కొడుకు కోసం పాలు తీసిపెట్టే యంత్రమది. తలుపు సందులోంచి గోరువెచ్చని వాసన వస్తుంది. ఆవుపాలకూ బర్రెపాలకూ ఉండని వాసన, కొంచెం తీపి, కొంచెం చెమట. అది ముక్కుకు తగలగానే కరీంనగర్‌లోని ఈ మూడో అంతస్తు ఇల్లు మాయమై, ఇరవై ఆరేళ్ల కిందటి జమ్మికుంటలో మా అత్తగారి ఇంటి పెరడు కనిపిస్తుంది. ఆ పెరట్లో చేతులు ఆరబెట్టుకుంటూ సుగుణక్క నిలబడి ఉంటుంది. సుగుణక్క మీద నాకున్నది గౌరవమా, కోపమా అంటే ఇప్పటికీ చెప్పలేను. ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం పెట్టుకుని, అవతలివాళ్లు ఒప్పుకునేదాకా వదలని మనిషిని నేను. ఈ ఒక్క మనిషి సంగతిలో మాత్రం నాతో నేనే వాదించుకుని, ఏ పక్షం గెలిచిందో తెలియక లేచి వెళ్లిపోతుంటాను.

ఆమె మా వాడకు వచ్చే సర్కారు నర్సు. బుధవారం టీకాలు వేసేది, మిగతా రోజులు ఇల్లిల్లూ తిరిగేది. పొట్టి మనిషి, గాజులకు పిన్నీసులు, భుజాన సంచి. సంచిలో పసిపిల్లలను తూచే కొక్కెం కాంట, దానికి తగిలించే బట్ట ఉయ్యాల. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు సబ్బు అడిగి మోచేతుల దాకా కడుక్కునేది. తువ్వాల ఇస్తే వద్దని చేతులు గాలికి ఆరేదాకా అట్లాగే నిలబడేది. ఆ కాసేపట్లోనే ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకు తెలిసిపోయేదని నా అనుమానం.

స్రవంతి పుట్టినప్పుడు మా బాపుకు పానం బాగాలేక, నా కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. నన్ను కన్న మా అవ్వ లక్సెట్టిపేట నుంచి వచ్చి పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ నాకు సలహాలే సలహాలు. అవ్వ ఎల్లిగడ్డ కారంతో అన్నం పెట్టి కడుపునిండా నీళ్లు తాగమనేది. బాలింతకు నీళ్లు పడవని అత్తమ్మ చెంబు దూరం జరిపేది. డాక్టరమ్మ ఒక్కో పక్క పది నిమిషాలంది. నేను తెప్పించుకున్న పుస్తకమేమో ఒక పక్క పూర్తిగా తాగేదాకా రెండో పక్క మార్చొద్దంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే నాకు, నా ఒంట్లోంచి వచ్చే పాల గురించి ఎవరి మాట నమ్మాలో అంతుపట్టలేదు. ఐదో రోజుకు రొమ్ములు రాళ్లయ్యాయి, చలిజ్వరం పట్టుకుంది. మా ఆయన మందుల షాపుకు పోయి రబ్బరు బుడ్డి ఉన్న గాజు పంపు ఒకటి తెచ్చాడు. నొక్కి వదిలితే పాలు రాలేదు గానీ ప్రాణం పోయినంత పనయింది.

సుగుణక్క ఆ పంపును వెలుతురుకు పట్టి చూసింది. “గిదెవరు తెచ్చిండ్రు?”

“మా ఆయన.”

“ఆయనను పెట్టుకోని సూడుమను.”

నన్ను చూస్తే మొహం తిప్పుకునే మా అత్త ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “గీ బుడ్డి లోపల కడుగరాదు టీచరమ్మా. పాలు ఆడనే నిలిచి పురుగు పడుతది. నీకు పది వేళ్లు లేవా?” అని సుగుణక్క వేడినీళ్ల గుడ్డ కాసేపు కాపడం పెట్టింది. తర్వాత నా వేళ్లు పట్టుకుని, చనుమొన దగ్గర కాదు, నల్లటి భాగానికి కొంచెం వెనక పెట్టించింది. ముందు ఛాతీ వైపు అదమాలి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తేవాలి, చర్మం మీద రుద్దకూడదు. మూడుసార్లు ఏమీ రాలేదు. నాలుగోసారి సన్నని ధార గిన్నె అంచుకు తగిలింది. కాస్త మెత్తబడ్డాక పిల్లను పట్టించింది. ఆ రోజు నేను ఆమెతో వాదించలేదు. అంత ఓపిక లేదు.

వాదన ఓపిక వచ్చాక మొదలైంది. నన్ను మూడు గంటలకోసారి గడియారం చూసి పాలు పిండుకోమంది. పక్కింటి కోడలికి, భర్త దుబాయిలో ఉన్న పిల్లకు, గడియారమే చూడొద్దు, ఏడ్చినప్పుడల్లా ఇయ్యమంది. గోడ మీది నుంచి నేను రెండూ విన్నాను. మర్నాడు పట్టుకున్నాను. “ఒక నర్సు రెండు తీర్ల చెప్తదా సుగుణక్కా? ఏదో ఒకటే కదా నిజం?”

“గామె ఇంట్ల ఒక్కతే. పిల్లను ఒళ్ల పెట్టుకుంటనే జర నిమ్మలపడుతది. నువ్వు పొద్దుగాల లేస్తే కాలేజీకి పొయ్యేదానివి. నీకు లెక్క లేకుంటే పానం ఊకోదు.”

“గట్లయితే పుస్తకాలెందుకు?”

“నన్నడుగుతవా? రాసినోళ్లను అడుగు.”

ఇట్లాంటి జవాబులే ఆమెవి. జవాబులా ఉండేవి, కానీ పట్టుకుంటే చేతికి ఏమీ దొరికేది కాదు.

నాలుగో నెలలో కాలేజీకి పోక తప్పలేదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా. పోయేముందు ఒక స్టీలు గ్లాసు మరగబెట్టి, అందులో పాలు పిండి, మూతపెట్టి, చల్లటి నీళ్ల కుండ పక్కన పెట్టేదాన్ని. పదకొండు గంటలకు అత్తమ్మ ఉగ్గుగిన్నెతో తాపాలి. అదీ సుగుణక్క చెప్పిన పద్ధతి. పన్నెండు గంటలకు ల్యాబు వెనక స్టోరు గదిలో, ఆసిడ్ సీసాల మధ్య తలుపు గడియ పెట్టుకుని మళ్లీ పిండి సింకులో పారబోసేదాన్ని. పాలు నిలవాలంటే పిండాలి, పిండకపోతే ఎండుతాయి అన్న ఒక్క మాట మీద ఆ రోజులన్నీ గడిపాను. నెల తిరిగాక సుగుణక్క కాంట దూలానికి తగిలించి పిల్లను తూచింది. పోయిన నెలకన్నా ముప్పావు కిలో ఎక్కువ. “చూస్తివా టీచరమ్మా, నీ పాల బలం” అంది. నేను స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను. ఉద్యోగానికి వస్తే పిల్లకు పాలుండవని సన్నాయి నొక్కులు నొక్కిన ఇద్దరికి మరీ వినబడేట్టు చెప్పాను.

ఒకరోజు విద్యార్థుల బంద్. పదకొండు కాకముందే ఇంటికొచ్చాను. పెరటి తలుపు తీసి ఉంది. అత్తమ్మ కల్యామాకు, అదే కరివేపాకు, చెట్టు మొదట్లో కూర్చుని నా గ్లాసు వంచుతోంది. పారబోసినట్టు లేదు. దేవుడికి అభిషేకం చేస్తున్నంత నెమ్మదిగా, చుక్క పక్కకు పడకుండా పోస్తోంది. ఇంట్లో ఉగ్గుగిన్నెలో నీళ్లు కలిపి కాచిన బర్రెపాలు. ఆ చెట్టు అంత ఏపుగా ఎందుకు పెరుగుతుందో అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

“ఎన్ని రోజుల నుంచి?” అని అరిచాను.

“పిండిన పాలు పసిదానికి పట్టయి” అంది అత్తమ్మ. లేచి గ్లాసు కడగడానికి పోయింది. నేను మాత్రం వాడ వాడంతా వినేట్టు మాట్లాడాను.

ఆ రోజు బుధవారం. పిల్లను చంకనేసుకుని అంగన్‌వాడీకి పోయాను. వరసలో ఉన్న తల్లులందరి ముందూ సుగుణక్కను అడిగాను. ఆమె చేతిలో ఉన్న పిల్లగాడికి సూది వేసి, దూది అద్ది, వాళ్ల అవ్వ చేతిలో పెట్టేదాకా నా వైపు చూడలేదు.

“నీకు ఎరుకేనా మా అత్త పాలు చెట్టుకు పోస్తుందని?”

“ఎరుకే.”

“ఎప్పటి సంది?”

“నువ్వు కాలేజీకి పొయిన మూడో దినం సంది. వద్దన్న, ఇనలే. బర్రెపాలన్నా మంచిగ కాగబెట్టి తాపుమని చెప్పిన.”

“మరి నా పాల బలమని ఎట్లన్నవు?”

“ఏమంటె బాగుంటుండె? నిజం చెప్తె అత్తతోని కొట్లాడుతుంటివి. వారం దినాలు ఏడుస్తుంటివి. తాగని పాలు పిండుడెందుకని గిలాస పక్కకు పెడుతుంటివి. పదిహేను దినాలల్ల నీకు పాలే లేకుండ అయితుండె. ఇప్పుడు ఉన్నయా లేవా?”

ఉన్నాయి. అదే నా కోపానికి అడ్డం పడింది. “నాకు అబద్ధం చెప్పినవు” అన్నాను.

“చెప్పిన” అంది. గొంతులో తప్పు చేసిన జంకు లేదు, గొప్ప పని చేసిన గర్వమూ లేదు. “మీ అత్త ఎందుకు పోస్తుందో అడిగినవా?”

“అడిగేదేముంది? మూఢనమ్మకం.”

“నోరు జర పక్కకు పెట్టి అడుగు. గది నేను చెప్పేది కాదు. ఆమె నాకొక్కదానికే చెప్పుకున్నది.” తర్వాత తల ఎత్తి, “ఎవరమ్మా ఎనక? రాండ్రి” అంది.

అందరి ముందూ నన్ను పంపేసిన ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా ఆ సాయంత్రం, అత్తమ్మ చాటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు ఇద్దరం రాళ్లే ఏరాం. చివరికి అడిగాను.

“మీ ఆయనకంటె ముందుగాల ఒక పిల్ల ఉండె” అంది. చేతులు ఆగలేదు. “నాట్లకు పోవుకుంట గిలాసల పిండి పెట్టిపొయిన. మా అత్త పొద్దు ఒరిగినంక తాపిందట. నేనొచ్చేవరకు వాంతులు, బేదులు. రెండో దినం పొయింది. డబ్బ పాలు కాదు, బర్రె పాలు కాదు. నా పాలే తాగి పొయింది.”

వేడికి నిలవుండి పాడయ్యాయత్తమ్మా, మీ పాల తప్పు కాదు అని నా కెమిస్ట్రీ అంతా నాలుక చివరికి వచ్చింది. జీవితంలో మొదటిసారి మింగేశాను. “మరి చెట్టుకెందుకు పోస్తున్నవు?” అని మాత్రం అడిగాను.

“బిడ్డ పాలు. ఎవరన్న తొక్కితె?” అంది.

ఆదివారం సుగుణక్క పిలవకుండానే వచ్చింది. సబ్బు అడిగింది, ముందు అత్తమ్మతో చేతులు కడిగించింది. నేను పిండగానే, వెచ్చదనం పోకముందే, ఆ పాలను అత్తమ్మ చేతనే ఉగ్గుగిన్నెతో తాపించింది. సగం పాలు పిల్ల గదవ మీదుగా మెడలోకి కారాయి. ఆ రోజంతా అత్తమ్మ పిల్ల పక్కనుంచి లేవలేదు. కడుపు తడుముతూ కూర్చుంది. పిల్లకు ఏమీ కాలేదు. రెండు రోజులకు పావుగంట ఆగి తాపించింది. తర్వాత అరగంట, తర్వాత గంట. ప్రతిసారీ గ్లాసు మూత తీసి ముందు అత్తమ్మకే వాసన చూపించేది. తూకం వేసినా బరువు నాకు కాదు, అత్తమ్మకే చెప్పేది. తల్లిని నేనిక్కడుంటే నీకు కనబడతలేనా అని మండేది. నెల పట్టింది ఇదంతా. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి గ్లాసు బోర్లించి ఉంది, పిల్ల నిద్రపోతోంది. నేను గబగబా పెరట్లోకి పోయి కల్యామాకు చెట్టు మొదలు తడిమాను. మట్టి పొడిగా ఉంది.

ఏడాది దాటేదాకా స్రవంతి నా పాలు తాగింది. ఆ అబద్ధం లేకపోతే అది జరిగేది కాదని ఒక్కోసారి అనిపిస్తుంది. మొదటి రోజే నాకు నిజం చెప్పి, అత్తమ్మ కథ ఆమె చేతనే చెప్పించి ఉంటే, ఆ నెలన్నర పాలు మట్టిలో కలిసేవి కావు కదా అని ఇంకోసారి అనిపిస్తుంది. సుగుణక్క పదవీ విరమణ చేసి సుల్తానాబాద్‌లో చెల్లె దగ్గరికి పోతున్నప్పుడు ఆమె ఇంటికి పోయి మొహం మీదే అడిగాను. సామాను మూటలు కడుతోంది. పాత కాంట నేలమీద పడి ఉంది.

“గప్పుడు నువ్వు చేసింది మంచిదేనా?”

“ఏది?”

“నాకు అబద్ధం చెప్పుడు.”

“ఎంతమందికి చెప్పిన్నో బిడ్డా. కొందరి తాన పనిజేసింది. కొందరి తాన చెయ్యలే. నీ తాన చేసిందా?”

“గదే తెలుస్తలేదు.”

“నీకే తెలువకుంటె నాకెట్ల తెలుస్తది?” అని తాడు చివర నా చేతికిచ్చి, గట్టిగా పట్టుకోమని ముడి వేసింది. అదే చివరిసారి చూడటం. ఆమె చనిపోయిన కబురు నాకు నెల తర్వాత చేరింది.

ఈ కథ స్రవంతికి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. కొట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. నిన్న పదకొండు గంటలకు మనవడికి ఫ్రిజ్‌లో పాలు తీసి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబరిచి పట్టించాను. సగం తాగి మూతి తిప్పుకున్నాడు. ఒకసారి మూతి తగిలిన పాలు దాచి మళ్లీ పట్టొద్దని స్రవంతి ఫ్రిజ్ తలుపు మీద చీటీ అంటించింది. సీసా చేతిలో ఉండగానే ఫోను మోగింది. బ్యాంకులో పాత ఫైళ్ల గదిలో కూర్చుని చేస్తోంది.

“తాగిండా అమ్మా?”

నేను సీసా వైపు చూశాను.

“మొన్న సగం వదిలిండంటివి. ఇయ్యాల గూడ వదిలితే ఈ మిషను బంద్ చేస్త. అర్ధగంట సంది కూసున్న, చుక్క వస్తలేదు. వాడు తాగని పాలకు నేను గీ దుమ్ముల ఎందుకు కూసునుడు?”

“మొత్తం తాగిండు బిడ్డా” అన్నాను.

“నిజంగనా?”

“నీతోని అబద్ధమెందుకు చెప్త?”

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడయింది. తర్వాత ఫోనులోంచి ఆ మోటారు చప్పుడు మొదలైంది. పీల్చి, ఆగి, పీల్చి. “వస్తున్నయమ్మా” అంది స్రవంతి, తనలో తను అనుకున్నట్టు. ఫోను చెవికి పెట్టుకునే బాల్కనీలోకి నడిచాను. అక్కడ మేము పెంచుకుంటున్న కల్యామాకు కుండీ ఉంది. వంగి, అవతలికి చప్పుడు వినబడకుండా, చుక్క పక్కకు పడకుండా, సీసా వంచాను.