అక్క మంచం హాల్లో

మా అక్క మళ్లీ పడిందని కబురు వస్తే చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తాను. మోచేతికి గాయం, నుదుటికి కట్టు. ఎక్కడ పడిందనుకున్నారు? మెట్ల మీద కాదు, బురదలోనూ కాదు. పట్టపగలు, చదునుగా ఉన్న పెరట్లో, ఖాళీ చేతులతో!

అక్కకు రెండు ఆవులు. చీకటితోనే లేచి, కొట్టం ఊడ్చి, పాలు పితికి, పాలబండి వచ్చేలోగా క్యాన్ గేటు దగ్గర పెడుతుంది. మా బావ పోయాక సంసారాన్ని గట్టెక్కించింది ఆ పాలే. అక్క పక్కన కూర్చుంటే ఎంత పొగరుబోతు ఆవైనా కాలు కదపదు. ఆమె మాట విననిది కొడుకు ఒక్కడే. ఇప్పుడు వాడు ఆవుల్ని అమ్మేస్తానంటున్నాడు.

"వయసు మీద పడింది పిన్నీ. బాత్రూంలో జారని టైల్స్ వేయించాను, గోడకు కడ్డీ పెట్టించాను, చేతికర్ర కొన్నాను. ఇంకేం చెయ్యమంటావు?"

అక్క కొట్టం వైపు చూస్తూ కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రి ఆమె పక్కనే పడుకున్నాను. పడుకున్నానని పేరే! అక్క మంచం హాల్లో, మంచం కాళ్ల దగ్గరే టీవీ. పిల్లల ఆటయ్యాక కోడలి సీరియల్, అదయ్యాక కొడుకు సినిమా. అర్ధరాత్రి దాటాక కట్టేశారు. నాకు కాస్త కునుకు పట్టిందో లేదో, అక్క తూలుతూ లేచి పాలచెంబు అందుకుంది.

"రోజూ ఇంతేనా?"

"వాళ్ల సరదా వాళ్లదిలేవే. ఈ వయసులో మనకు నిద్రెంత కావాలి?"

నాకు ఒళ్లు మండిపోయింది. కంటి నిండా నిద్ర లేని మనిషి తూలిపడక ఏం చేస్తుంది? కర్రలకూ కడ్డీలకూ డబ్బు తగలేశాడు గానీ, అమ్మ ఎప్పుడు పడుకుంటోందన్న ఆలోచన ఒక్కరికీ వచ్చి చావలేదు! మా అక్కకైనా నోట్లో నాలుక ఉండొద్దూ?

తెల్లారగానే ఆమెను మా ఇంటికి లాక్కొచ్చాను.

"ఆవులో?"

"నీ సుపుత్రుడు పితుకుతాడులే, పద."

మొదట్లో పొద్దెక్కేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. పోగా పోగా తేరుకుంది. మా వాకిలంతా ఎగుడుదిగుడు. కర్ర లేకుండా అందులోనే తిరిగి ముగ్గురి పని చేసింది. ఒక్కసారి తూలితే ఒట్టు!

నిన్న మధ్యాహ్నం కొడుకు కుంటుకుంటూ వచ్చాడు.

"ఆవులు తన్ని చంపుతున్నాయి పిన్నీ. అమ్మకు బాగైందిగా, పంపించెయ్యి. వాటిని అమ్మే మాట ఇక ఎత్తను."

"అది సరే. మంచం ఎక్కడ వేశావు?"

"ఎక్కడేమిటి? హాల్లోనే."

"టీవీ?"

"అదీ అక్కడే. అమ్మ ఏనాడూ వద్దనలేదే!"

"వద్దంటే గానీ తెలియదట్రా నీకు? కళ్లు నెత్తికెక్కాయా?"

నా అరుపులకు పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు. లోపలి గదిలో అక్క మాత్రం గుర్రు పెట్టి నిద్రపోతోంది. వాడు "అమ్మా" అంటూ గడప దాటబోయాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"లేపావంటే ఆ రెండో కాలూ విరగ్గొడతాను. ముందు వెళ్లి ఆ టీవీ మీ గదిలో పెట్టుకో. తర్వాత వచ్చి ఇక్కడ కూర్చో, మీ అమ్మ తనంతట తాను లేచేదాకా."