గడపకు పైన గీసిన గీత

కొత్త ఊళ్లో ఏ వీధిలోకి అడుగుపెట్టినా నా కళ్లు ముందు ఇళ్ల మెట్ల మీదికి పోతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో రోడ్లూ కాలువలూ కట్టించే ప్రభుత్వ ఇంజనీరుగా ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి. విరమణ తరువాత కూడా ఈ అలవాటు పోలేదు. మెట్లు ఎన్ని మిగిలాయో చూస్తే ఆ వీధికి ఎన్నిసార్లు రోడ్డు వేశారో చెప్పవచ్చు. పాత సిమెంటు రోడ్డును తీయకుండా దాని మీదే కొత్తది పోస్తారు. పోసిన ప్రతిసారీ రోడ్డు జానెడు లేస్తుంది, ఇంటికి ఒక మెట్టు పోతుంది. మెట్లన్నీ అయిపోయాక వాన నీరు గడప దాటుతుంది. దీన్ని అభివృద్ధి అని పిలవడం నాకు చేతకాలేదు. చూసిన ప్రతి వీధి మట్టాన్నీ తేదీ వేసి రాసుకోవడం మాత్రం మానలేదు.

పొందూరు వైపు ఒక ఊళ్లో రోడ్డుకు అంచనా వేయమని నన్ను పంపినప్పటి సంగతి ఇది. వీధి పల్లపు కొసన రామమందిరం, దాని పక్కనే ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో నూలు వడికే వృద్ధురాలు ఒక్కతే ఉండేది. వెలుతురు కోసం గడపకు లోపలే రాట్నం వేసుకుని కూర్చునేది. నేను టేపు తీయగానే చెయ్యి ఆపింది.

"ఏటి బాబూ, మళ్లీ రోడ్డా?"

"అవునమ్మా."

"పోయినసారి ఆఖరి మెట్టు మింగీసినారు. ఈసారికి గడపే ఉన్నాది. దూది ఏకులు సెమ్మగిల్లితే దారం తెగిపోతాది. నీళ్లొస్తే నా రాట్నం ఎక్కడెట్టుకోను? అటక మీదా?"

పాత రోడ్డు పొరలన్నీ పగలగొట్టి తీసేసి, మొదటి మట్టానికే కొత్త రోడ్డు వేయాలని నిర్ణయించుకున్నాను. ఊరివాళ్లు ఒప్పుకోకపోతే ఆ పని సాగదు. అందుకని ఆ సాయంత్రమే మందిరం ముందు అందరినీ కూర్చోబెట్టాను. ఆ మందిరంలో కొత్తగా నున్నటి పలకలు పరిచారు. పరిపించినది ఎదుటి వరుసలో కిరాణా కొట్టు నడిపే షావుకారు. దాత పేరు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ఆయన ఇల్లు ఎత్తైన పునాది మీద కొత్తగా కట్టినది. రోడ్డు ఇంకా లేస్తే సరుకుల బండి సరాసరి కొట్టు గుమ్మానికే వస్తుంది.

"పగలగొట్టడమేటండీ ఇంజినీరు గారూ?" అన్నాడు షావుకారు. "గట్టిగా ఉన్న రోడ్డు. దాని మీదే పోసీండి, ఇంకా గట్టిగా ఉంటాది."

"తవ్వీసి వదిలితే మా బళ్లు ఎక్కడెట్టుకోవాల?" అన్నాడు ఒక యువకుడు.

"మరి ఆవిడ ఇల్లో?" అని అడిగాను.

"అప్ప ఇల్లు పాతది గదండీ, పల్లంలో ఉన్నాది. గడప ఎత్తించుకుంటే సరిపోతాది," అన్నాడు షావుకారు.

వృద్ధురాలు ఆయన వైపు తిరిగింది. "ఎత్తిస్తాను తమ్ముడూ. మరి పై దూలం అక్కడే ఉంటాది గదా. నా ఇంటికొస్తే నువ్వు వంగుతావా, పాకుతావా?"

అందరూ నవ్వారు. నవ్వి, రోడ్డు మీదే రోడ్డు వేయమన్నారు. ఆ ఇల్లు అంగుళం కూడా కిందికి దిగలేదు. రోడ్డే దాని మీదికి ఎక్కింది. ఈ చిన్న నిజం చెప్పడానికి నా గొంతు పెంచవలసి వచ్చింది. ఫలితం లేకపోయింది.

అంచనా రాసి పంపే ముందు, పూర్తయిన రోడ్డు ఎంత ఎత్తుకు వస్తుందో ప్రతి ఇంటి గోడ మీదా గీయించడం నా పద్ధతి. మర్నాడు మట్టం చూసే యంత్రం నిలబెట్టి, వాళ్లు కోరినట్టే, పాతదాని మీద కొత్తది పోస్తే వచ్చే ఎత్తును ఎర్ర సుద్దతో గీయమని మేస్త్రీకి చెప్పాను. జనం వాకిళ్లలోకి వచ్చారు.

"ఒరే బావా, నీ అరుగు అయిపోనాదిరా! ఇక రోడ్డు మీదే తొంగో!" అని ఒకడు ఎగతాళి చేశాడు. షావుకారు ఇంటికి గీత పునాది రాయి మీదే పడింది. ఆయన సంతోషించాడు.

వృద్ధురాలి ఇంటికి వచ్చేసరికి గీత గడప మీదుగా పోయి ద్వారబంధానికి అడ్డంగా పడింది. ఆవిడ దాని మీద వేలు పెట్టింది.

"ఇక్కడిదాకా నీళ్లొస్తాయా బాబూ?"

"ఇది రోడ్డమ్మా. నీళ్లు దీనికి పైన."

 చూస్తున్నవాళ్లలో ఒకరిద్దరు తల తిప్పుకున్నారు. మేస్త్రీ మందిరం దగ్గరికి నడిచి, గోడ ముందు ఆగి, గీయమంటారా అన్నట్టు నా వైపు చూశాడు. గీయమన్నాను. గీత కొత్త పలకలకు బెత్తెడు ఎత్తున, దాత పేరుకు కాస్త కింద పడింది.

షావుకారు గొంతుక్కూర్చుని చూశాడు. "ఇదేటండీ?"

"రోడ్డు పై మట్టం."

"మరి పలకలో?"

"గోతిలో ఉంటాయి."

"అయితే సామో?"

"స్వామి పీఠం ఎత్తుగానే ఉంది. తడిసేది భజనకు కూర్చునేవాళ్లు."

ఆయన అరచేత్తో ఆ గీతను చెరిపాడు. "చెరిపితే మట్టం మారదండీ," అన్నాను. పొద్దు వాలేలోపు ఊరంతా ఒకే మాట మీదికి వచ్చింది: పాత రోడ్డు పగలగొట్టవలసిందే. బళ్లు ఎక్కడ పెట్టుకోవాలని మరెవరూ అడగలేదు.

గెలిచానన్న తృప్తి కలగలేదు, ఒళ్లు మండింది. నిత్యం కళ్లెదుట కూర్చుని నూలు వడికే మనిషి గడప మునుగుతుందంటే కదలని వీధి, పలకలు మునుగుతాయనగానే కదిలింది. ఆ తరువాత నిదానంగా ఆలోచించాను. మందిరం నేల మీద ప్రతివాడూ కూర్చున్నాడు. అది మునిగితే తన చోటే మునిగినట్టు వాడికి తోచి ఉంటుంది. ఆవిడ గదిలో వాళ్లెవరూ కూర్చోలేదు. ఇది కారణమని ఒప్పుకుంటాను, న్యాయమని ఒప్పుకోను.

ఆవిడకు నా అంత కోపం లేదు. "రాముడు నా పక్కింటోడు అవబట్టి బతికిపోనాను బాబూ. మరి ఆ పైవీధిలో పల్లపు ఇల్లున్నాది, దాని పక్కన ఏ దేవుడూ లేడు. ఆ ఇంటికి ఎవులొస్తారు?" అంది. నేను యంత్రం పెట్టెలో సర్దుకున్నాను.

అంచనాతో పాటు, పాత రోడ్డు ఎందుకు తీయాలో కారణం రాసి పంపాలి. మందిరం పేరు రాస్తే పైవాళ్లు కాదనరని ఊరి పెద్దలు సలహా ఇచ్చారు. నేను మొదట ఆ ఇంటి గడప మట్టం రాశాను. మందిరం నేల మట్టం రెండో వరుసలో రాశాను. ఆ కింద, పైవీధిలోని ఇంటి మట్టం కూడా కొలిచి రాసి, దానికీ ఇదే పద్ధతి పాటించాలని చేర్చాను. అనుమతి ఈ వీధి వరకే వచ్చింది. పైవీధి కోసం మళ్లీ రాశాను. బదిలీ అయ్యేవరకూ రాస్తూనే ఉన్నాను.

రోడ్డు పగలగొట్టిన రోజు, ఆవిడ గుమ్మం ముందు పెళ్లలు ఎత్తుతుంటే కింద నల్లరాతి మెట్టు ఒకటి బయటపడింది. దాని కింద ఇంకొకటి. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి కడిగింది. ద్వారబంధం పట్టుకుని, ఒక్కొక్క కాలే మోపుతూ దిగి, వీధిలో నిలబడి తన ఇంటివైపు తలెత్తి చూసింది.

"ఇంత ఎత్తుండేదేటి నా ఇల్లు!" అంది. "మరిసిపోనాను."